ఆముదం రాసిన బూట్లు

మొన్నొక ఆదివారం పొద్దున్నే కిరణ్ అనే కుర్రాడు మా ఇంటికొచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, సెలవురోజుల్లో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాడు. చోడవరంలో ఆడపిల్లల కోసం క్యాంపు పెడుతున్నామనీ, మొదటిరోజు నేనొచ్చి బంతిని తన్ని ప్రారంభించాలనీ పిలవడానికి వచ్చాడు. వస్తానన్నాను. కాఫీ తాగుతూ, గ్రౌండు గేటు దగ్గర కట్టబోయే ఫ్లెక్సీ ఎలా ఉంటుందో ఫోన్లో చూపించాడు. పైన నా పాత ఫొటో, కింద దుమ్ము కొట్టుకుపోయిన రెండు ఉత్తికాళ్ళు, మధ్యలో బంతి. వాటి కింద పెద్దక్షరాలతో ఇలా ఉంది: కాళ్ళకి జోడు కూడా లేని కటిక పేదరికం నుంచి కలకత్తా మైదానాల దాకా.

"ఈ కాళ్ళెవరివి బాబూ?" అన్నాను.

"మీవేనండి మేడమ్. అంటే, నెట్‌లో తీసేం. మీవి అన్నట్టు."

"నా కాళ్ళు ఇలాగుండవు. కుడికాలి బొటనేలికి గోరు లేదు. ఆ కాళ్ళ సంగతి పోనీ, కింద రాసిన లైను తీసెయ్యి."

కుర్రాడు ఇబ్బందిపడ్డాడు. "ఆ లైనే కదండీ మేడమ్ మెయిను. అది సూసే పిల్లలు ఇన్‌స్పైర్ అవుతారు."

"అది అబద్ధం బాబూ."

"అబద్ధమేటండీ, మా నాన్న సిన్నప్పట్నుంచీ పేపర్లో అలాగే వస్తంది కదా. మీరెప్పుడూ కాదనలేదు."

పాతికేళ్ళు ఫార్వర్డ్ ఆడినదాన్ని, ఎంతమంది డిఫెండర్ల మోచేతులు తిన్నానో లెక్కలేదు, ఎవరూ నన్ను అంత సూటిగా కొట్టలేదు. కుర్రాడు చెప్పింది నిజం. నేనెప్పుడూ కాదనలేదు. కాదనకపోవడమే కాదు, ఆ అబద్ధానికి మొట్టమొదట తలూపింది నేనే. ఆ తలూపుడు గురించి రాయకుండా నా ఆట గురించి ఎన్ని పేజీలు రాసినా అదంతా దండగ.

మా ఇల్లు చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో ఉండేది. రెండున్నర ఎకరాల చెరుకు, కొంచెం వరి, ఒక జత ఎడ్లు, సొంత గానుగ, సొంత బెల్లం పాక. మేం గొప్పవాళ్ళం కాదు. కానీ మా ఇంట్లో పొయ్యి వెలగని పూట లేదు, పండక్కి కొత్తబట్ట లేని పిల్ల లేదు, మా నాన్న కాళ్ళకి చెప్పుల్లేకుండా ఊళ్లోకి వెళ్ళిన రోజు లేదు. ఈ చెప్పుల సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథంతా చెప్పుల దగ్గరే ఉంది.

మా నాన్న తల్లి పేరు పైడమ్మ. మేం మామ్మ అనేవాళ్ళం. బెల్లం పాకలో ఆవిడ మాటే మాట. నాన్న, బాబాయి, కూలీలు అందరూ పొట్టేళ్ళలాంటి మగాళ్ళు, ఆవిడ తెడ్డు పట్టుకుని పెనం పక్కన నిలబడితే కిక్కురుమనేవారు కాదు. చెరుకు రసం కాగుతుంటే పైకి తేలిన మడ్డిని తీసేది, నురుగు రంగు చూసేది, చిన్న చుక్క నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య నలిపేది. "ఇంకా అవ్వలేదు" అంటే అవ్వలేదు. "దింపండ్రా" అంటే ఆ క్షణంలో దింపాలి, చుట్ట కాలుస్తున్నాననీ, నీళ్ళు తాగుతున్నాననీ ఎవరూ అనడానికి వీల్లేదు. ఆవిడ చేతిలో పాకం ముదిరిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. చీడికాడ నుంచి కూడా మనుషులొచ్చి ఆవిణ్ణి తమ పాకకి రమ్మని పిలిచేవారు. "మా పొయ్యి ఎవుడు సూస్తాడు" అని పంపేసేది.

మామ్మ ఒంటికి ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి. కాగే రసం వాసన, పిప్పి పొగ వాసన, ఆముదం వాసన. మా ఇంట్లో ఆముదం తగలని వస్తువు లేదు. పిల్లల మాడుకి ఆముదం, బండి ఇరుసుకి ఆముదం, ఎడ్ల మెడలో మువ్వల పట్టెడలకి ఆముదం. కొత్త చెప్పులు కొంటే మూడు రోజులు ఆముదంలో నానాలి, ఆ తర్వాతే కాలు పెట్టాలి. నానబెట్టకుండా ఎవరైనా వేసుకుంటే చెప్పులతో పాటు వాళ్ళకీ చీవాట్లు పడేవి. "తోలుకి దాహమేస్తాదే గుంటా," అనేది నాతో, చెప్పుని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో ఆముదం రుద్దుతూ. "మనం తాగించకపోతే మన కాలినే కరుస్తాది."

ఇక నా ఆట. నాకు ఆట నేర్పింది ఎవరని కలకత్తాలో అడిగారు, ఢిల్లీలో అడిగారు. స్కూల్లో డ్రిల్లు మేష్టారని చెప్పేదాన్ని. అది సగమే నిజం. గానుగలోంచి వచ్చిన పిప్పిని కళ్ళంలో పరిచి ఎండబెట్టేవాళ్ళం, ఎండిన పిప్పే మళ్ళీ పొయ్యిలోకి వంటచెరుకు. రోజుకి మూడుసార్లు దాన్ని తిరగేయాలి. పెద్దవాళ్ళు కర్రలతో తిరగేసేవారు. నాకు కర్ర బరువు, కాళ్ళతో తిరగేసేదాన్ని. పాదాన్ని పిప్పి కిందకి దూర్చి, మోకాలు కదలకుండా, చీలమండతో ఒక్క విదుపు విదిపితే పిప్పి బోర్లా పడేది. మోజు కొద్దీ కాలు వెనక్కి తీసి ఎగరేసి తన్నానా, పొట్టు లేచి గాలికి పోయి పెనంలో పడేది. వెంటనే మామ్మ కేక వినబడేది.

"కాలెత్తకే గుంటా. పొట్టు పాకంలో పడతాది. ఆడికాడే తిప్పు."

ఆడికాడే తిప్పు. నా ఆటంతా ఈ రెండు మాటలే. గోల్‌కీపరు బంతిని చూస్తుందని అందరూ అనుకుంటారు. కాదు, కొట్టేదాని కాలు వెనక్కి ఎంత వెళ్ళిందో చూస్తుంది. నా కాలు వెనక్కి వెళ్ళేదే కాదు. వాళ్ళు ఇంకా నేను పాస్ ఇస్తాననుకుంటుండగానే బంతి వలలో ఉండేది. మేష్టారు స్కూల్లో మొదటిసారి నాకు బంతి ఇచ్చినప్పుడు నేను పిప్పిని తిరగేసినట్టే తిరగేశాను. ఆయన ఈలని నోట్లోనే మర్చిపోయి నిలబడిపోయాడు. మామ్మ చేతిలో అయిదేళ్ళు తిట్లు తిన్న కాలు అది.

తర్వాత విశాఖపట్నంలో రాష్ట్ర జట్టుకి ఎంపిక జరుగుతోందన్నారు. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, ఆట. నెగ్గకపోతే పదో తరగతి తర్వాత ఇల్లు, పిప్పి, ఎవరింటికి ఇస్తే వాళ్ళ పిప్పి. నా మొత్తం బతుకు ఆ ఒక్క మ్యాచి మీద ఉందని నాకు తెలుసు, పదహారేళ్ళ పిల్లకి ఇంకేం తెలియకపోయినా అది తెలుస్తుంది. మేష్టారు స్కూలు బీరువాలో ఉన్న ఒకే ఒక జత బూట్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇవి స్కూలువే అమ్మా. జాగర్త. ఏటైనా అయ్యిందంటే నా మెడకి సుట్టుకుంటాది" అన్నాడు. అవి ఎన్నేళ్ళుగా బీరువాలో ఉన్నాయో, చెక్కల్లా బిగుసుకుపోయాయి.

మామ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటివి, ఎండు సేపల్లాగున్నాయి. ఇయ్యేసుకుని పరిగెడితే కాళ్ళు మిగల్తాయా?" అంది. అంతే, బూట్లు తీసుకుంది. గిన్నెడు ఆముదం పోసి మూడు రోజులు నానబెట్టింది. నాలుగో రోజు లోపల ఎండు పిప్పి కుక్కి, ఆముదం బాగా ఇంకాలని బెల్లం పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. సాయంత్రానికి బూట్లు పట్టులా మెత్తబడ్డాయి. వేసుకుని కళ్ళంలో పరిగెత్తాను, పాదానికి బట్ట చుట్టినట్టుంది. మామ్మ అరుగు మీద కూర్చుని చూసింది. ఆవిడ నా ఆట చూడటం అదొక్కసారే.

మా నాన్న చెప్పులకి అడుగు కుట్లతో ఉండేది. ఈ బూట్లకి అడుగుని జిగురుతో అంటించారు. ఆ సంగతి మామ్మకి తెలియదు. మాలో ఎవరికీ తెలియదు. ఆముదమూ పొయ్యి వేడీ కలిస్తే జిగురు ఏమవుతుందో పట్నంలో తెలిసింది.

గ్రౌండులో దిగకముందే నా కష్టం మొదలైంది. పట్నం పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "ఏంటే ఈ కంపు, ఎవరైనా తలకి ఆముదం పట్టించుకొచ్చారా?" అని ఒకమ్మాయి నవ్వింది. మిగతావాళ్ళు ఒకళ్ళని ఒకళ్ళు వాసన చూసుకుంటూ నా దాకా వచ్చి ఆగారు. నేను కిందకి చూస్తూ నిలబడ్డాను. ఆట మొదలైన కాసేపటికే కుడి బూటు అడుగు ముందువైపు ఊడి నోరు తెరిచింది. అడుగు వేస్తే చప్పట్లు కొడుతోంది. లైను దగ్గరకి వెళ్ళి రెండూ విప్పి అవతలకి విసిరేశాను. ఉత్తికాళ్ళతోనే మిగతా ఆట ఆడాను. ఒకమ్మాయి బూటు మేకులు నా బొటనవేలి మీద పడ్డాయి, గోరు పోయింది, మళ్ళీ రాలేదు. రెండు గోల్స్ కొట్టాను. రెండూ ఆడికాడే తిప్పి కొట్టినవే.

ఆట అయ్యాక టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, ఎంపిక చేసేవాళ్ళలో ముఖ్యుడు, నా దగ్గరకొచ్చాడు. రక్తం కారుతున్న నా కాలివైపు చూసి, "బూట్లు లేవా అమ్మా? ఇంట్లో బాగా ఇబ్బందా?" అని అడిగాడు. ఆయన కళ్ళల్లో నిజమైన జాలి ఉంది. ఆయన వెనకాలే, లైనుకి అవతల, మామ్మ నానబెట్టిన బూట్లు బోర్లా పడి ఉన్నాయి. అవి నావని చెప్పచ్చు. మా మామ్మకి తెలియక పొయ్యి దగ్గర పెట్టిందని చెప్పచ్చు. అక్కడే ఆ ముక్కులు మూసుకున్న పిల్లలు నిలబడి వింటున్నారు. నాకు సిగ్గేసింది. పేదరికానికి కాదు, ఆముదానికి, మా మామ్మకి. తలూపాను. "అవునండి" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

సీటు వచ్చింది. బూట్లు అక్కడే వదిలేసి బస్సెక్కాను. రెండు రోజుల తర్వాత మేష్టారు పేపరు పట్టుకుని నేరుగా బెల్లం పాకకే వచ్చాడు. పెనం మరుగుతోంది, మామ్మ తెడ్డు పట్టుకుని ఉంది. ఆయన సంబరంలో బూట్ల సంగతే మర్చిపోయి అందరికీ వినబడేలా చదివాడు. కాళ్ళకి జోడు కొనుక్కునే స్తోమత లేని నిరుపేద కుటుంబంలో పుట్టిన సింహాచలం అనే బాలిక అని ఇంకా ఏదేదో ఉంది.

"ఎవుళ్ళ గురించి బాబూ అది?" అంది మామ్మ.

"మన సింవాచలం గురించేనమ్మా. పేపర్లో పడింది."

మామ్మ నావైపు తిరిగింది. "నువ్వు సెప్పేవా?"

"ఆల్లే అడిగేరు మామ్మా," అన్నాను.

"అడిగితే, మనకి లేవని సెప్పేవా."

అది ప్రశ్న కాదు. నేను తల దించుకున్నాను. మామ్మ తెడ్డు ఆపి అలాగే నిలబడిపోయింది. నాన్న "అమ్మా, పాకం" అన్నాడు. వినలేదు. మళ్ళీ అన్నాడు. మాడు వాసన పాకంతా కమ్ముకున్నాక గాని ఆవిడ కదల్లేదు. ఆ పెనం మొత్తం నల్లగా ముదిరిపోయింది. మామ్మ చేతిలో పాకం ముదరడం అదే మొదలు, అదే చివర. ఆ దిమ్మల్ని ఆ ఏడంతా ఎడ్లకి పెట్టాం.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. హాస్టలుకి వెళ్ళేరోజు ఎప్పట్లాగే నా మాడుకి ఆముదం పెట్టింది, బెల్లం మూటకట్టి ఇచ్చింది, బస్సు దాకా వచ్చింది. ఆట గురించి మాత్రం ఆ తర్వాత ఒక్కమాట మాట్లాడలేదు. నేను సెలవులకి వచ్చిన ప్రతిసారీ నా బూట్లని అరుగు మీద, ఆముదం సీసా పక్కనే, కావాలనే పెట్టేదాన్ని. నాన్న చెప్పులు తీసుకునేది, బాబాయి చెప్పులు తీసుకునేది, పట్టెడలు తీసుకునేది. నా బూట్లని దాటుకుని వెళ్ళిపోయేది. మామ్మ మొండిది. నేను ఆ మొండిదాని మనవరాల్ని, కాబట్టి నోరు తెరిచి ఆముదం రాయమని అడగలేదు. ఇద్దరం ఇద్దరమే.

ఆ మొండితనమే నన్ను ఆడించింది. కలకత్తాలో ఒక క్లబ్బు నన్ను కాంట్రాక్టు మీద తీసుకుంది, ఆడపిల్లకి ఆడినందుకు జీతమిస్తారంటే ఊళ్లో ఎవరూ నమ్మని రోజులవి. అక్కడ నా పేరు పలకలేక సిమ్మీ అన్నారు. అక్కడి కోచ్‌కి నా కొట్టుడు నచ్చలేదు. కాలు బాగా వెనక్కి తీసి కొట్టాలనీ, ఇది పల్లెటూరి తన్నుడనీ అన్నాడు. మార్చనన్నాను. మూడు మ్యాచిలు బెంచి మీద కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. నాలుగో దాంట్లో ఎవరికో దెబ్బ తగిలి, గతిలేక నన్ను దింపాడు. గోల్ కొట్టి వచ్చి ఆయన ముందు నిలబడి, "కాలెత్తితే పొట్టు పాకంలో పడతాది సార్" అని తెలుగులోనే చెప్పాను. ఆయనకేం అర్థం కాలేదు. మళ్ళీ బెంచి మీద మాత్రం కూర్చోబెట్టలేదు.

ఫార్వర్డ్ బతుకు చిత్రమైంది. ఆటంతా ఏమీ చేయనట్టు కనిపించాలి. డిఫెండరు గిల్లుతుంది, చొక్కా లాగుతుంది, నడుములో మోకాలు పెడుతుంది, అన్నీ ఓర్చుకుని ఒక్క క్షణం కోసం కాచుకోవాలి. ఆ క్షణం దాటిపోతే తప్పంతా నీదే. నేను దాటిపోనిచ్చిన క్షణాలు చాలా ఉన్నాయి, వాటి గురించి పడ్డ తిట్లూ పడ్డాను, ఏ ఒక్కదానికీ రాత్రి నిద్ర మానుకోలేదు. టోపీ పెద్దాయన అడిగినప్పుడు దాటిపోయిన క్షణం మాత్రం ప్రతి ఊళ్లోనూ నా ముందు నడిచింది. సన్మానం చేసిన ప్రతివాడూ ఆ ఉత్తికాళ్ళ కథే చెప్పేవాడు. ఆ కథ చెబితే చప్పట్లు ఎక్కువ పడేవి. ఆట పేరు మీద ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆ కథే ముందు వెళ్ళింది. లేని పేదరికం నాకు అన్నం పెట్టింది, నేను తిన్నాను.

మామ్మ చెరుకు నరికే రోజుల్లో పోయింది. నేను కలకత్తాలో ఆడుతున్నాను, మూడో రోజుకి గాని ఇంటికి చేరలేదు. అరుగు మీద ఆముదం సీసా సగానికి ఉంది. నా బూట్లు సంచిలోంచి తీసి దాని పక్కన పెట్టి, కాసేపు కూర్చుని, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ బెల్లం పాక లేదు. కళ్ళం ఉన్నచోట ఇళ్ళ స్థలాలకి రాళ్ళు పాతారు, మిగిలిన చేలో సరుగుడు వేశారు. ఆ రోజులే బంగారమని ఏడిచే రకాన్ని కాదు నేను. ఆ రోజుల్లో మాకు బట్టలు మార్చుకోడానికి గది లేదు, నలుగురు చీరలు అడ్డం పట్టుకునేవారు. నిక్కరు వేసుకున్నానని బస్సులో పక్క సీట్లోవాళ్ళు లేచిపోయేవారు. ఇప్పుడు పిల్లలకి కోచ్‌లున్నారు, మోకాలు నొప్పంటే చూసేవాళ్ళున్నారు, నీళ్ళు తగిలినా ఊడని బూట్లున్నాయి. అన్నీ ఉండాల్సిందే, ఇంకా రావాల్సిందే. మారనిది ఒక్కటే. ఆడపిల్ల బాగా ఆడిందంటే చాలదు, అది ఆకలితో ఆడిందని కూడా చెప్పాలి. దాని ఇంట్లో దానికి పెట్టినవాళ్ళు, నేర్పినవాళ్ళు, తెలియక పాడుచేసినవాళ్ళు ఎవరికీ అక్కర్లేదు.

ఇదంతా కిరణ్‌కి చెప్పాను. కుర్రాడు మంచివాడు, ఆ లైను తీయించాడు. కాళ్ళు మాత్రం ఉంచాడు, ఎవరివో పాపం. నేను కలకత్తాలో చివరిసారి వేసుకున్న తోలు బూట్లు అటక మీంచి దింపాను. చెక్కల్లా అయ్యాయి. ఆముదం తెప్పించి మూడు రోజులు నానబెట్టాను. పొయ్యి దగ్గర పెట్టలేదు, నీడలో ఆరబెట్టాను.

క్యాంపు మొదలైన రోజు చీర కింద ఆ బూట్లు వేసుకుని వెళ్ళాను. గ్రౌండు నిండా పిల్లలు, వాళ్ళ తల్లులు, స్టేజి మీద కుర్చీలు. నేను కూర్చోగానే పక్కన పెద్దమనిషి ముక్కు కొంచెం అటు తిప్పుకున్నాడు. తిప్పుకోనీ అని కాళ్ళు ఇంకొంచెం ముందుకి చాపాను. మైకు పట్టుకున్న లెక్చరరమ్మాయికి ఫ్లెక్సీ గొడవ ఎవరూ చెప్పలేదు కాబోలు, ఎక్కడో చదువుకునే వచ్చింది. నావైపు జాలిగా చూసి, "మేడమ్, మీరు అప్పట్లో బూట్లు కూడా లేక ఉత్తికాళ్ళతో ఆడారట కదండీ?" అంది.

అదే ప్రశ్న. అవే కళ్ళు. తలూపితే అయిపోతుంది, చప్పట్లు పడతాయి. లేచి మైకు నా చేతిలోకి తీసుకున్నాను.

"లేకపోడమేటమ్మా, ఉన్నాయి," అన్నాను. "మా మామ్మ పైడమ్మ మూడు రోజులు ఆముదంలో నానబెట్టి ఇచ్చింది. నేనే ఇప్పేసేను."